ఒకే ఇంట్లో ఐదు ఒంటి రంగులు, ఒకే పిల్లకి నాలుగు జుట్లు: ఒక లాటినో ఫ్యామిలీ లుక్‌డెవ్ కేస్ స్టడీ

ముందు ప్రాజెక్ట్ ఏంటో చెప్పేస్తా. పిల్లల యానిమేషన్ సిరీస్‌కి పైలట్ ఎపిసోడ్. క్లయింట్ అమెరికాలో, డిజైన్, మోడలింగ్, రిగ్గింగ్ అన్నీ అక్కడే అయిపోయి లుక్‌డెవ్ (చర్మం, జుట్టు తెర మీద ఎలా కనపడాలో సెట్ చేసే పని), గ్రూమ్ (జుట్టు తయారీ), హెయిర్ సిమ్ (జుట్టు కదలిక), లైటింగ్ మాత్రం హైదరాబాద్‌లో మా స్టూడియోకి వచ్చాయి. నేను క్యారెక్టర్ లుక్‌డెవ్ లీడ్‌ని. ఎన్‌డీఏ (వివరాలు బయటపెట్టకూడదనే ఒప్పందం) ఉంది కాబట్టి షో పేరు, క్యారెక్టర్ల పేర్లు రాయను, చెల్లి, అక్క, అమ్మమ్మ అనే పిలుస్తా, మీకూ గుర్తుంచుకోడానికి ఈజీ.

కథ న్యూయార్క్‌లో, మాన్‌హటన్ పైకొసన ఉండే వాషింగ్టన్ హైట్స్‌లో జరుగుద్ది. కరీబియన్ దీవిలోని డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాళ్ళు బాగా సెటిలైన ఏరియా అది. ఇంట్లో ఐదుగురు: అమ్మమ్మ, అమ్మ, కాలేజీకెళ్ళే అక్క, తొమ్మిదేళ్ళ చెల్లి, మేనమామ. హీరోయిన్ చెల్లే. బంధువులింట్లో ఫంక్షన్ ఉందని ఆ పిల్లని సెలూన్‌కి తీసుకెళ్ళి రింగుల జుట్టుని స్ట్రెయిట్ చేయిస్తారు, తిరిగొచ్చేటప్పుడు వాన పడుద్ది, జుట్టు మళ్ళీ మొదటికొచ్చేస్తది, అంతే కథ. స్క్రిప్ట్ చదివితే పది నిమిషాల్లో అయిపోద్ది కానీ గ్రూమ్ వాళ్ళకి మాత్రం పెద్ద పనే, ఎందుకంటే మామూలు జుట్టు, రోలర్లు చుట్టిన జుట్టు, బ్లో డ్రై చేసిన జుట్టు, తడి జుట్టు, నాలుగూ కావాలి, ఆ నాలుగూ ఒకే పిల్ల నెత్తి మీద పెరిగిన ఒకే జుట్టని చూసేవాళ్ళు నమ్మాలి.

మా టీమ్‌లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "లాటినో స్కిన్ టోన్ అంటే ఏ రంగు అక్కా, ఒక రిఫరెన్స్ పెట్టండి" అని. అలాంటి రంగు ఒకటి ఉంటే కదా పెట్టడానికి. లాటినో అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు, అదొక జాతి అని మనం ఇక్కడ అనుకుంటాం గానీ 2020 అమెరికా సెన్సస్‌లో హిస్పానిక్ లేదా లాటినోనా అనే ప్రశ్న వేరుగా, రేస్ ఏంటనే ప్రశ్న వేరుగా అడిగారు. ఆ లెక్కల్లో 6.2 కోట్ల మంది మొదటి ప్రశ్నకి అవునన్నారు, వాళ్ళలో నల్లవాళ్ళున్నారు, తెల్లవాళ్ళున్నారు, అక్కడి ఆదివాసీ మూలాలవాళ్ళున్నారు, ఇవన్నీ ఏదో పాళ్ళలో కలిసినవాళ్ళు చాలామంది. డొమినికన్ల విషయానికొస్తే ఆఫ్రికా, స్పెయిన్, దీవిలో ముందు నుంచి ఉన్న టైనో జనం, మూడు మూలాలూ కనిపిస్తాయి. అందుకే ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి ఒంటి రంగు, జుట్టు పూర్తిగా వేరుగా ఉండటం అక్కడ వింతేం కాదు. ఎడ్వర్డ్ టెల్లెస్ నడిపిన పెర్లా అనే పరిశోధనలో అయితే మెక్సికో, కొలంబియా, బ్రెజిల్, పెరూల్లో సర్వే చేసేవాళ్ళు 11 రంగుల కార్డు పట్టుకుని ఎదుటి మనిషి ముఖం రంగు నోట్ చేసుకున్నారు. మనిషి తన జాతి ఏదని చెప్పుకుంటాడో దానికన్నా ఆ కార్డు మీద రంగే చదువులో, ఉద్యోగంలో తేడాల్ని బాగా చూపించిందని తేలింది. అంటే ఈ రంగుల తేడా స్క్రీన్ మీద పోగొడితే ఆ జనానికి తెలిసిన జీవితంలో ఒక పెద్ద ముక్కే పోతది.

ఇంతకుముందు ఇండస్ట్రీలో ఏం జరిగేదంటే, లాటినా క్యారెక్టర్ అనగానే తేనె రంగు చర్మం, ఒత్తుగా వేవీగా ఉండే బ్రౌన్ జుట్టు, ఒకటే అచ్చు. 2012లో సోఫియా అనే చిన్న ప్రిన్సెస్ లాటినా అని ముందు అని, గొడవయ్యాక అది ఊహాలోకం అమ్మాయి అని డిస్నీ వాళ్ళే సర్దుకోవాల్సి వచ్చింది. 2016లో ఎలెనా ఆఫ్ అవలోర్ వచ్చింది, 2017లో కోకో వచ్చింది, 2018లో స్పైడర్ వర్స్‌లో మైల్స్ మొరాలెస్ అని ప్యూర్టోరికన్ అమ్మకి, నల్లజాతి నాన్నకి పుట్టిన పిల్లాడు ఏకంగా హీరోనే అయ్యాడు. కానీ కుటుంబం మొత్తాన్ని ఒకే ఫ్రేమ్‌లో పెట్టి ఇన్ని రకాలు చూపించింది అంటే 2021 నాటి డిస్నీ సినిమా ఎన్‌కాంటోనే. కొలంబియా ఇల్లు, ఇసబెలాకి నడుము దాకా నిటారు నల్ల జుట్టు, చెల్లెలు మిరబెల్‌కి పొట్టి రింగులు, పెపాకి ఎర్ర జడ, ఆమె కూతురు డొలోరెస్‌కి బిగుతైన కాయిల్స్ (స్ప్రింగుల్లాంటి సన్నటి రింగులు) ముడి. ఆఫ్రో కొలంబియన్ జర్నలిస్ట్ ఎడ్నా లిలియానా వాలెన్సియాని జుట్టు విషయంలో సలహాకి పెట్టుకున్నారు, స్టూడియోలోనే పనిచేసే లాటినో ఉద్యోగుల గ్రూపు "ఫమీలియా" మొదటి నుంచీ చూస్తూ వచ్చింది. అదే ఏడాది ఇన్ ద హైట్స్ సినిమా రిలీజైంది, మా కథ జరిగే ఏరియానే అది. ముఖ్య పాత్రల్లో ఒంటి రంగు బాగా నలుపుగా ఉన్న ఆఫ్రో లాటినోలు ఎక్కడ అని జనం నిలదీస్తే దానికి పాటలు రాసిన లిన్ మాన్యుయెల్ మిరాండా పబ్లిక్‌గా సారీ చెప్పాడు. ఎన్‌కాంటో పాటలు కూడా ఆయనవే కావడం ఇంకో విచిత్రం. మా క్లయింట్ ఈ రెండింటినీ దగ్గరగా చూసినవాళ్ళే, బ్రీఫ్‌లో ఒక్క లైన్ బోల్డ్‌లో పెట్టారు: ఈ ఐదుగురి రంగులు చివరి ఫ్రేమ్ దాకా ఐదుగానే ఉండాలి.

రంగుల గురించి మాట్లాడుకోడానికి మాంక్ స్కేల్ తీసుకున్నాం. ఎల్లిస్ మాంక్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ తయారుచేసింది, 2022లో గూగుల్ అందరికీ ఓపెన్‌గా ఇచ్చింది, చర్మానికి లేత నుంచి డార్క్ దాకా 10 షేడ్లు. డెర్మటాలజీలో వాడే ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేల్‌లో 6 టైపులే, అది ఎండకి చర్మం ఎలా కాలుద్దో చెప్పడానికి పుట్టింది, మా పనికి సరిపోదు. అక్క 4, అమ్మ 5, చెల్లి 6, అమ్మమ్మ 7, మామ 8. ఇవి ఫైనల్ షేడర్ (కాంతి పడితే చర్మం ఎలా కనపడాలో చెప్పే ప్రోగ్రామ్) విలువలు కావు, కేవలం మీటింగ్‌లో "కొంచెం డార్క్", "కొంచెం బ్రౌన్" అని ఎవడికి తోచింది వాడు అనకుండా ఉండటానికి ఒక భాష. ఇది చిన్న విషయంలా ఉంటది గానీ, రెండు దేశాల మధ్య వీడియో కాల్‌లో, రెండు వేరే మానిటర్ల మీద రంగు గురించి గొడవపడేటప్పుడు చాలా పనికొచ్చింది.

ఇక షేడర్. ఏ స్టూడియో లైబ్రరీలో చూసినా పాత స్కిన్ షేడర్ ఎప్పుడో ఒక యూరోపియన్ క్యారెక్టర్ మీద ట్యూన్ చేసి ఉంటది. డార్క్ స్కిన్ క్యారెక్టర్ రాగానే ఆర్టిస్ట్ చెయ్యి దానంతటదే ఆల్బెడో (అసలు రంగు) మీద మల్టిప్లై నోడ్ (రంగు మొత్తాన్ని ముదురు చేసే బ్లాక్) పెట్టడానికి వెళ్ళుద్ది. అలా చేస్తే ముఖంలో బూడిద రంగు తేలుద్ది. చర్మానికి రంగిచ్చే మెలనిన్ పై పొరలో ఉండి నీలం వైపు కాంతిని ఎక్కువగా, ఎరుపు వైపు తక్కువగా మింగుద్ది, కాబట్టి మెలనిన్ పెరిగేకొద్దీ ముఖం చీకటవ్వడమే కాకుండా గోధుమ, రాగి వైపుకి జరగాలి, మల్టిప్లై ఏమో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానెల్స్‌నీ సమానంగా నొక్కేస్తది. పైగా లేత చర్మానికి పెట్టిన సబ్‌సర్ఫేస్ రేడియస్ (కాంతి చర్మం లోపల ఎంత దూరం చెదరాలో చెప్పే విలువ) అలాగే వదిలేస్తే చెవులు, ముక్కు అంచులు లోపల్నుంచి ఎర్రగా వెలుగుతాయి, మామ లాంటి ఒంటి రంగుకి అది అస్సలు నప్పదు. మేం ఆల్బెడోని పక్కన పెట్టేసి మెలనిన్‌కి ఒక మ్యాప్ (ఎక్కడ ఎంత ఉండాలో చెప్పే బొమ్మ), కింద రక్తానికి ఒక మ్యాప్ విడివిడిగా పెట్టాం, మెలనిన్ విలువని బట్టి సబ్‌సర్ఫేస్ రేడియస్ తగ్గేలా కలిపాం. దీనివల్ల అరచేతులు, గోళ్ళ కింద, పెదాల లోపలి వైపు దానంతటదే లేతగా వస్తాయి, కణుపులు, మోచేతులు డార్క్‌గా వస్తాయి. మామ చెయ్యి ఊపే షాట్‌లో అరచేతి గీతలు అరచెయ్యి కన్నా డార్క్‌గా ఉండటం చూసి క్లయింట్ డైరెక్టర్ ఫ్రేమ్ ఆపి మరీ చూశాడు.

సబ్‌సర్ఫేస్ మీద ఇంత మోజు ఎందుకొచ్చిందో తెలియాలంటే 2001కి వెళ్ళాలి. హెన్రిక్ వాన్ యెన్సెన్ వాళ్ళ సిగ్రాఫ్ (కంప్యూటర్ గ్రాఫిక్స్ సమావేశం) పేపర్ తర్వాత, కాంతి చర్మంలోకి వెళ్ళి చెదిరి బయటికొచ్చే ఆ మెత్తటి వెలుగే అసలైన మనిషి చర్మం అన్నట్టు అయిపోయింది. పిక్సార్‌లో పనిచేసి తర్వాత యేల్‌లో ప్రొఫెసర్ అయిన థియోడోర్ కిమ్ 2020లో సైంటిఫిక్ అమెరికన్‌లో రాసింది ఇదే, ఆ వెలుగు తెల్లవాళ్ళ చర్మంలో కొట్టొచ్చినట్టు కనిపించే లక్షణం, దాన్నే మనిషి లక్షణంగా పెట్టుకుని ఇరవై ఏళ్ళు రీసెర్చ్ చేశాం అని. నేనైతే ఆయనతో ఏకీభవిస్తా, రోజూ చేతిలో పట్టుకునే నోడ్ కాబట్టి. డార్క్ స్కిన్ మీద ముఖం ఆకారాన్ని చదివించేది ఎక్కువగా పైన మెరుపే. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక, పై పెదవి అంచు, ఇక్కడ స్పెక్యులర్ (ఆ మెరుపే) ఎంత పదునుగా ఉందనేదాని మీదే ముఖం బతుకుద్ది. రఫ్‌నెస్ (చర్మం పైన గరుకుదనం) ఎక్కువైతే ఆకాశం నీలం మొత్తం ముఖం మీద పల్చగా పరుచుకుని మళ్ళీ అదే బూడిద రంగు. అందుకే ఐదుగురికీ రఫ్‌నెస్ మ్యాపులు మళ్ళీ పెయింట్ చేశాం, రంగు మ్యాపుల కన్నా వాటికే ఎక్కువ టైమ్ పట్టింది.

చెల్లి సిగ్గుపడే షాట్ ఒకటుంది. స్టోరీబోర్డ్‌లో చెంపల మీద గులాబీ రంగు గీతలు గీసి ఉన్నాయి, కార్టూన్ అలవాటు. 6 షేడ్ చర్మం మీద గులాబీ వేస్తే పౌడర్ రాసినట్టే ఉంటది, రక్తం మ్యాప్ పెంచితే వచ్చేది ముదురు రాగి ఎరుపు, అదీ కొంచెమే. మిగతా సిగ్గంతా యానిమేటర్ కళ్ళతో, మెడతో చేయించాడు, షాట్ బాగా వచ్చింది.

అసలు తలనొప్పి లైటింగ్ దగ్గర. లుక్‌డెవ్‌లో ఎంత జాగ్రత్తగా చేసినా రంగు తర్వాతి డిపార్ట్‌మెంట్లలో కారిపోద్ది. ఎవరూ కావాలని చేయరు, లైటర్ ముఖం సరిగ్గా కనపడట్లేదని ఫిల్ లైటు (నీడల్ని తగ్గించే లైటు) కొంచెం పెంచుతాడు, కాంప్‌లో (పొరలన్నీ కలిపే దశ) ముఖం ఒక్కదాన్నే మాస్క్‌తో విడదీసి ఇంకొంచెం లేపుతారు, గ్రేడ్‌లో (చివరి రంగుల సవరణ) ఇంకొంచెం, ప్రతి ఒక్కరూ "కొంచెమే" చేస్తారు, చివరికి 8 కాస్తా 6 అయి కూర్చుంటది. 2018లో రాల్ఫ్ బ్రేక్స్ ద ఇంటర్నెట్ ట్రైలర్‌లో నల్లజాతి ప్రిన్సెస్ టియానా రంగు పల్చబడిందని జనం పట్టుకుంటే డిస్నీ మళ్ళీ యానిమేట్ చేయాల్సి వచ్చింది, అంత పెద్ద స్టూడియోకే అలా జరిగినప్పుడు మనమెంత. కాబట్టి షో మొదలయ్యే ముందే రెండు రూల్స్ పెట్టాం. ఒకటి, రివ్యూకి వచ్చే ప్రతి ఫ్రేమ్ అడుగున అప్రూవ్ అయిన టర్న్‌టేబుల్ (క్యారెక్టర్‌ని చుట్టూ తిప్పి చూపే వీడియో) నుంచి తీసిన ఐదుగురి రంగుల పట్టీ, పక్కన గ్రే బాల్ (లైటు సరిచూసుకునే బూడిద రంగు బంతి) ఉండాలి. రెండు, ముఖాన్ని లేపే మాస్కులు నా సంతకం లేకుండా వేయకూడదు. కాంప్ వాళ్ళు తిట్టుకున్నారు, తిట్టుకోనీ.

దీనికి ఉదాహరణ రాత్రి వంటింటి షాట్. పసుపు బల్బు, ఐదుగురూ టేబుల్ చుట్టూ, మామ కిటికీ పక్కన. ఎక్స్‌పోజర్ అక్కకి సెట్ చేస్తే మామ కళ్ళు, పళ్ళు తప్ప ఏం కనపడడు, మామకి సెట్ చేస్తే అక్క ముఖం తెల్లగా పేలిపోద్ది. పాత ఫోటో ల్యాబుల్లో షర్లీ కార్డ్ అని తెల్లమ్మాయి ఫోటో పెట్టుకుని ప్రింట్ రంగులు సరిచూసుకునేవాళ్ళు, తక్కిన ప్రపంచం మొత్తం ఆమె ముఖానికి సర్దుకోవాల్సి వచ్చింది, మేం అక్కని షర్లీని చేయదలచుకోలేదు. ఎక్స్‌పోజర్ చెల్లి ముఖానికి పెట్టాం, అక్కని బల్బుకి కొంచెం దూరం జరిపించాం, మామ వెనక కిటికీ బయట ఉన్న చీకటి గోడని లేత ఇటుక రంగులోకి మార్చి వీధిలైటు పడేలా చేశాం, ఆయన చెంప మీదకి స్టవ్ పక్కనున్న స్టీలు గిన్నె నుంచి ఒక మెత్తటి బౌన్స్ ఇచ్చాం. ముఖం రంగు ఒక్క పాయింట్ కూడా పెంచలేదు, మనిషి మాత్రం పూర్తిగా కనిపించాడు. ముఖం కనపడకపోతే ముందు వెనకాల గోడని మార్చి చూడాలి, అదీ సరిపోకపోతే లైటు పడే దిక్కు, అప్పటికీ కాకపోతేనే బ్రైట్‌నెస్. మా లైటర్లకి ఈ వరస అలవాటవడానికి టైమ్ పట్టింది.

మన అలవాట్లు కూడా ఉంటాయి మరి. కొత్తగా చేరిన ఒకబ్బాయి చెల్లి టర్న్‌టేబుల్ పంపితే అక్క కన్నా లేతగా ఉంది.
"ఇదేంట్రా, 6 కదా ఈ పిల్ల?"
"హీరోయిన్ కదక్కా, కొంచెం బ్రైట్‌గా ఉంటే బాగుంటదని."
"మీ ఇంట్లో మీ చెల్లి కన్నా నువ్వు తెల్లగా ఉన్నావా?"
"లేదక్కా, నేనే నలుపు."
"మరి నీ సినిమాలో హీరో ఎవరు?"
వాడు నవ్వేసి వెళ్ళి మార్చుకొచ్చాడు. క్రీమ్ పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టింది 2020లోనే కదా, మన కళ్ళు మారడానికి ఇంకా టైముంది.

ఇప్పుడు జుట్టు. చెల్లిది జుట్టు రకాల్ని చెప్పే ఆండ్రే వాకర్ స్కేల్‌లో 3సీ, అంటే పెన్సిల్ మందాన బిగుతు రింగులు. గ్రాఫిక్స్‌లో జుట్టు అంటే చాలా కాలం నిటారు జుట్టే. 1989 నాటి కజియా కే మోడల్ నుంచి 2003 మార్ష్‌నర్ పేపర్ దాకా పొడవాటి సన్నటి పోగు మీద కాంతి ఎలా పడుద్దనే చూశారు. ఉంగరాల జుట్టు అనగానే గుర్తొచ్చే బ్రేవ్ సినిమాలో మెరిడా కోసం పిక్సార్ వాళ్ళు 1,500కి పైగా రింగుల్ని చేత్తో పెట్టి, వాటి నుంచి లక్షా పదకొండు వేల పైచిలుకు వెంట్రుకలు పుట్టించి, టాజ్ అని కొత్త సిమ్యులేటరే రాసుకున్నారు. అవీ వదులు రింగులే, కాయిల్స్ కావు. 2024లో థియోడోర్ కిమ్, ఏ. ఎమ్. డార్క్ వాళ్ళ టీమ్ కర్లీ క్యూ అని ఒక పేపర్ వేసింది, బిగుతు కాయిల్స్ మీదే. అందులో చెప్పిన మూడు లక్షణాలు మా గ్రూమ్‌కి ఆధారం అయ్యాయి. మొదటిది, పక్కపక్క వెంట్రుకలు ఒకే తాళంలో తిరిగి ఒక పాయగా కనపడటం. రెండోది, తిరుగుతూ తిరుగుతూ మధ్యలో మెలిక దిక్కు మారిపోవడం. మూడోది, ఒకట్రెండు వెంట్రుకలు ఒక చుట్టు మిస్సై పాయ నుంచి బయటికి రావడం, తల చుట్టూ కనిపించే ఆ మెత్తటి పొగలాంటి అంచు దీనివల్లే. మామూలుగా మనం ఏం చేస్తాం, కర్ల్ నోడ్ వేసి పైన ఫ్రిజ్ నాయిస్ (వెంట్రుకల్ని చిందరవందర చేసే సెట్టింగ్) కొడతాం. అప్పుడు వచ్చేది చిక్కుపడ్డ జుట్టు, చూసేవాళ్ళకి ఆ పిల్ల తల దువ్వుకోలేదనిపిస్తది. అందుకే నాయిస్ తీసేసి, ప్రతి పాయకీ తాళం కలిపి, కొన్ని చోట్ల దిక్కు తిప్పి, ఎంచుకున్న కొన్ని వెంట్రుకలకే చుట్టు మిస్ చేయించాం. తేడా వెంటనే తెలిసిపోయింది.

పొడవు లెక్క ఇంకో కథ. బిగుతు జుట్టు సాగదీస్తే ఉండే పొడవులో సగానికి కూడా రాకుండా ముడుచుకుని ఉండొచ్చు. క్లయింట్ డిజైన్‌లో చెల్లి మామూలు జుట్టు దవడ దాకా, బ్లో డ్రై చేశాక భుజాల కింద దాకా. మోడల్ షీట్లో రెండూ విడివిడిగా గీశారు, కానీ గ్రూమ్‌లో రెండూ విడివిడిగా చేస్తే సీన్ మధ్యలో జుట్టు పెరిగినట్టో కత్తిరించినట్టో ఉంటది. కాబట్టి గ్రూమ్ మొత్తం స్ట్రెయిట్ గైడ్స్‌తో (మిగతా వెంట్రుకలకి దారి చూపే గీతలు) మొదలుపెట్టాం, ఒక్కో వెంట్రుక అసలు పొడవు అక్కడే లాక్, ఆ తర్వాత కాయిల్ వ్యాసార్థం, చుట్ల సంఖ్య పెంచితే పొడవు మారకుండా కొస పైకి లేస్తది. నాలుగు స్టేట్లూ (జుట్టు రూపాలూ) ఈ ఒక్క గ్రూమ్‌కి నాలుగు సెట్టింగులు. రోలర్ల స్టేట్‌లో మాత్రం పాయలు పాపిడి తీసి విడగొట్టాలి కాబట్టి దానికి వేరే సెక్షన్ మ్యాప్.

పాపిడి అన్నాక గుర్తొచ్చింది, లైబ్రరీలో నెత్తి టెక్స్చర్ లేత గులాబీ రంగు. ఒత్తు జుట్టు ఉన్నంతసేపు ఎవరికీ కనపడదు, రోలర్ల కోసం అడ్డంగా నిలువుగా పాపిళ్ళు తీయగానే 6 షేడ్ పిల్ల నెత్తి మీద గులాబీ గీతలు! నెత్తికి కూడా మెలనిన్ మ్యాప్ వేసి, ముంగురుల దగ్గర చర్మం రంగులోకి మెల్లగా కలిపాం. ముంగురులు కూడా ఒక సపరేట్ గ్రూమే, చాలా సన్నగా, పొట్టిగా, నుదుటి మీదకి అతుక్కుని ఉంటాయి, అవి లేకపోతే తల మీద విగ్ పెట్టినట్టే.

సెలూన్ సీన్‌కి క్లయింట్ తరఫున ఒక డొమినికన్ ఆవిడ వచ్చేది, వృత్తిరీత్యా హెయిర్ స్టైలిస్ట్. ఆవిడ నోట్స్ చాలా చిన్న చిన్నవి, అవే సీన్‌ని నిలబెట్టాయి. డొమినికన్ సెలూన్‌లో వరస ఇది: తల కడిగి, తడి మీదే పెద్ద రోలర్లు చుట్టి, వల కట్టి, తలంతా కప్పే హుడ్ డ్రయ్యర్ కింద కూర్చోబెట్టి, ఆరాక రోలర్లు తీసి బ్రష్, బ్లోయర్‌తో లాగుతారు. మేం రోలర్లు అన్నీ ఒకే సైజు పెట్టాం, మెడ దగ్గర చిన్నవి రావాలంది. డ్రయ్యర్ కింద పిల్ల ముఖం హాయిగా ఉంది, చెవులు కాలిపోతుంటే అలా ఎలా కూర్చుంటదంది, యానిమేటర్ చెల్లి చేతుల్ని చెవుల మీద పెట్టించాడు. అమ్మమ్మ రోలర్ల మీదే కొట్టుకి వెళ్ళే షాట్‌లో మేం తలకి స్కార్ఫ్ కప్పాం, తీసేయమంది, ఆ వీధిలో అలా తిరగడం సిగ్గుపడే విషయమే కాదంది. అక్క రాత్రి పడుకునే ముందు స్ట్రెయిట్ జుట్టుని తల చుట్టూ చుట్టి పిన్నులు పెట్టుకుంటది, దుబీ అంటారు, ఆ ఒక్క షాట్‌కి గ్రూమ్ చేయడం బడ్జెట్‌లో లేదు, అయినా చేశాం, ఎందుకంటే మర్నాటి జుట్టు ఎలా నిలబడిందో అదే చెప్పుద్ది.

బ్లో డ్రై జుట్టు పుట్టుకతో నిటారుగా ఉన్న జుట్టులా ఉండకూడదు. కుదుళ్ళ దగ్గర కొంచెం ఉబ్బు, కొసలు లోపలికి మెలి, మధ్యలో వెడల్పాటి మెరుపు పట్టీ. కాయిల్స్‌లో ఆ పట్టీ ఉండదు, ప్రతి చుట్టు మీద ఒక్కో చుక్కలా మెరుస్తది. షేడర్ ఒకటే, మెలనిన్ కూడా ఒకటే, పూర్తి నలుపైన 1 పెట్టకుండా దానికి కొంచెం కింద, కాస్త ఎరుపు కలిపి పెట్టాం, ఎండలో అంచు గోధుమ రంగు కొట్టడానికి. మెరుపులో తేడా అంతా ఆకారం నుంచే రావాలి, షేడర్‌లో గెలికితే రెండు వేరే జుట్లయిపోతాయి.

వాన సీన్‌లో జుట్టు ఒకేసారి చుట్టుకోదు. ముందు ముంగురులు, మెడ వెనక, కుదుళ్ళు, కొసలు చివర. అందుకని తడి వ్యాపించే మ్యాప్ ఒకటి యానిమేట్ చేసి కాయిల్ విలువకి కలిపాం. పూర్తిగా తడిసినప్పుడు మళ్ళీ పాయలు బరువుకి సాగి, పక్క పాయలతో కలిసి, డార్క్‌గా, బాగా మెరుస్తూ ఉంటాయి, ఆరేకొద్దీ పైకి లేచి ఒత్తవుతాయి. సిమ్ మొత్తం కాయిల్ మధ్యగా పోయే సన్నటి నడిగీతల మీదే చేశాం, చుట్లు ఆ తర్వాత వేసేవి, లేకపోతే వెల్లమ్ (సిమ్ చేసే టూల్) మా మెషీన్లని చంపేసేది. గీత సాగితే చుట్టు వ్యాసార్థం తగ్గాలి, అదొక్కటి కలిపాక పిల్ల గెంతితే జుట్టు స్ప్రింగులా కాకుండా జుట్టులా ఊగింది.

చివరి షాట్ మీద మాత్రం గట్టి వాదన నడిచింది. ఫంక్షన్‌లో చెల్లి జుట్టు ఆరి, పూర్తి ఒత్తుగా, చుట్టూ ఆ మెత్తటి అంచుతో ఉంటది. క్లయింట్ వైపు ఒక పెద్దాయన "కొంచెం నీట్‌గా చేయండి" అని నోట్ పంపాడు. నీట్ అంటే ఏంటో రాయలేదు, మాకు అర్థమైంది మాత్రం అంచు మీద లేచిన వెంట్రుకలు తీసేయమని. హెయిర్ స్టైలిస్ట్ ఆవిడ ఒప్పుకోలేదు, ఎపిసోడ్ మొత్తం జుట్టుని నీట్ చేయడం గురించే కదా, చివర్లో మళ్ళీ అదే చేస్తే కథ ఏమైనట్టు అంది. ఆమె చెప్పింది న్యాయమే, కాకపోతే పెద్దాయన కంటికీ ఏదో తేడా కనపడింది, దాన్ని కొట్టిపారేయకూడదు. చూస్తే తల ఔట్‌లైన్ కెమెరా ఎడమ వైపు బల్లపరుపుగా ఉంది, వాన సిమ్ నుంచి మిగిలిపోయిన ఆకారం. ఔట్‌లైన్‌ని గుండ్రంగా సరిచేశాం, ఒక్క వెంట్రుక కూడా తీయలేదు, వెనక నుంచి చిన్న రిమ్ లైట్ ఇస్తే ఆ అంచంతా వెలిగింది. మళ్ళీ నోట్ రాలేదు.

ఖర్చు సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్రొడ్యూసర్లు అడిగేది ఇదే. నిటారు వెంట్రుకకి పది పన్నెండు పాయింట్లు చాలు, కాయిల్‌లో ఒక చుట్టు గుండ్రంగా రావాలంటేనే ఆరేడు కావాలి, పన్నెండు చుట్లంటే వెంట్రుకకి ఎనభై దాకా. మెమరీ, రెండర్ టైమ్ రెండూ ఆ లెక్కనే పెరుగుతాయి. దూరం షాట్లలో వెంట్రుకల సంఖ్య తగ్గించి మందం పెంచడం పాత ట్రిక్కు, ఇక్కడ అలా చేస్తే ముందు పోయేది ఆ అంచే, తల హెల్మెట్ అవుద్ది. అందుకే అంచు వెంట్రుకల్ని వేరే గ్రూప్‌లో పెట్టి వాటిని తగ్గించకుండా, లోపలి వాటిని మాత్రమే సగం చేశాం. బిడ్ (పనికి రేటు అంచనా) వేసేటప్పుడు "కర్లీ" అని ఒకే లైన్ రాసి నిటారు జుట్టు రేటుకి ఒప్పుకుంటున్న స్టూడియోలు చాలా ఉన్నాయి, చివర్లో టైమ్ సరిపోక కోతపడేది ఈ అంచు, ముంగురులు, నెత్తి రంగే. మేం స్టేట్ల లెక్కన, కాయిల్ టైపు లెక్కన విడివిడి లైన్లు వేశాం, క్లయింట్ బేరమాడాడు గానీ తీసేయలేదు.

పైలట్ డెలివరీ అయిపోయింది. ఇప్పుడు తర్వాతి ఎపిసోడ్‌కి మామకి లాక్స్, అంటే జడలు కట్టి తాళ్ళలా వేలాడే జుట్టు, కావాలంటున్నారు. అది మళ్ళీ మొదట్నుంచి చేయాల్సిన పని, లోపల వెంట్రుకలు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుపోయి ఉంటాయి కాబట్టి మా పాయల సెటప్ పనికిరాదు, పైన లేచే చిన్న వెంట్రుకలకి వేరే లేయర్ కావాలి, కుదుళ్ళ దగ్గర కొత్తగా పెరిగిన జుట్టు వదులుగా ఉండాలి. టెస్ట్ గ్రూమ్ ఆ "నేనే నలుపు" అన్నబ్బాయికే ఇచ్చా. బిడ్ ఇంకా పంపలేదు, ఆ టెస్ట్ చూశాకే రేటు చెప్తానని ప్రొడ్యూసర్‌కి చెప్పి పెట్టా.